సందుగల మోకు

ఇయ్య. ఇయ్యనంటే ఇయ్య పోశాలన్నా! గీత సంఘం పెద్దవు, ఇంటిదాక వచ్చినవు, కూసో, చాయ తాగు. మోకు మాట మాత్రం ఎత్తకు.

ఏం చెప్పిండు మీ సాయిలు బావ? "యాకమ్మ నా మోకు దాసింది, నా కాళ్లు చేతులు కట్టేసింది" అన్నడా? దాసిన. ఆయన చెట్టెక్కేటందుకు నడుముకు కొలిచి పేనిన తాడు, గా కట్టె సందుగల పెట్టి తాళమేసిన. తాళంచెవి ఇగో, నా పుస్తెలతాడుకే ఉన్నది. మంచిగ సూడు!

మరి గది చెప్పిండా నీకు? తాటిచెట్టు మీద రెండుసార్లు కండ్లు తిరిగినయి. రెండోసారైతే నడిమిట్ల చెట్టును కావలిచ్చుకొని కండ్లు మూసుకున్నడు. కిందికెళ్లి పిలుస్తున్న, పలుకడు. నా పానం పోయి వచ్చిందనుకో. జనగామ దవాఖానల డాక్టరమ్మ షుగర్ సూసి, "ఇగ చెట్టు ముట్టొద్దు" అన్నది.

ఈయనేమంటడు? "నా చెట్టు, నా పానం, నడుమ నువ్వెవరే?" నేనెవరా? ముప్పై ఏండ్ల సంది చెట్టు కింద గుండె చేతుల పట్టుకొని నిలబడ్డదెవరు?

నవ్వు, నవ్వు. మనిషి మంచి కోసం ఆపితే తప్పేందో చెప్పు.

ఆఁ? తంబాకు సంగతా? గది గూడ చెప్పిండా! కడుపుల మాట ఆగదు గా మనిషికి.

అది వేరే అన్నా. నా నోట్ల పుండైందని ఉన్న తంబాకంత పొయ్యిల ఏసిండు. ఊకున్నడా? దుకాణం భూదేవి దగ్గరికి పోయి, "మా దానికి అమ్మితే మర్యాద దక్కదు" అని చెప్పొచ్చిండు! వాడకట్టంత నవ్విన్రు. నేనేమన్న చిన్నపోరినా? నెలరోజులు ఆయనతోని మాట్లాడలే.

ఆయన గూడ మంచికే చేసిండంటవా? నువ్వు చాయ తాగు.

మానిన. పోచమ్మ మీద ఒట్టేసి మానిన.

గట్ల సూడకన్నా... సరే, మానలే. జనగామ పోయినప్పుడల్లా తెచ్చుకుంటున్న. అప్పుడు అరుగు మీద కూసోని రోజుకు రెండుసార్లు ఏసుకునేదాన్ని, ఇప్పుడు దాసుకొని ఐదుసార్లు ఏసుకుంటున్న. యాడ దాసినంటే... గా సందుగలనే. మోకు కింద.

అందుకే ఆయన దొంగతనం గూడ నాకు ఎరుకైంది. పొద్దుగాల ఆయనకు నీళ్లు పోస్తుంటే రొమ్ము సూసిన. చెట్టెక్కక రెండు నెలలాయె, కాయలు కాసిన తోలు మెత్తవడ్డది. గా మెత్తటి తోలు మీద కొత్తగ గీరుకపోయింది. "గోడ గీరుకున్నదే" అన్నడు. తాటిబెరడు గీరుడు నాకు తెల్వదా? "అట్లనా" అని ఊకున్న.

ఎవల మోకు అడుక్కున్నడన్నా? తల ఎందుకు దించుతున్నవు? నీదా?

నీదేనా!

నీ నడుమెంత, ఆయన నడుమెంత? నీ మోకుల ఆయన నిలుస్తడా? పైనకెళ్లి కండ్లు తిరిగితే ఎట్ల? కింద నేను గూడ లేకపోతి! నీకూ భయమైంది, అందుకే వచ్చినవు గదా. గా ముచ్చట ముందుగాలనే చెప్పొద్దా?

పట్టు తాళంచెవి. మోకు తీస్కపో. ఎక్కితే ఆయన మోకుతోనే ఎక్కుమను. నన్ను పిలిచినంకనే చెట్టు మీద కాలు పెట్టుమను. కింద నేనుంట.

ఆఁ, మోకు కింద పొట్లం ఉంటది. అది గూడ తీస్కపోయి ఆయన చేతులనే పెట్టు, ఇది గూడ ఖతమైపోని.

...ఆగు. వద్దన్నా. పొట్లం అండ్లనే ఉండని.