ఎర్ర లైటు కింద ఎర్ర మచ్చ

ఆగు, ముద్ద అప్పుడే నోట్లో పెట్టుకోకు మరిదిగారూ! నేను చెప్పేది విని, ఆ తర్వాత తిను. కూర ఎక్కడికీ పారిపోదులే.

నేనేమన్నాను నీతో? షెడ్డులో అడ్డు వల చిరిగింది, జబ్బుకి మందేసిన కోళ్ళు మంచివాటిలో కలిసిపోతున్నాయి, కాస్త కుట్టిపెట్టవయ్యా అన్నాను. అన్నానా లేదా? వల కుడితే నీ గొప్పేముంది! తలకి కట్టుకునే లైటు విప్పదీసి, తెల్ల ఎల్‌ఈడీలు పీకి, ఎర్రవి అతికించి, నా వంటగదంతా సీసం కంపు చేశావు.

ఎందుకురా అబ్బాయ్ అంటే, ఎర్ర వెలుగులో కోళ్ళు బెదరవట. నిజమే, కాదన్నానా? పొద్దున పరదాలు దించి, ఆ చీకట్లోకి నువ్వు ఎర్ర లైటుతో దిగితే ఒక్క కోడి కిక్కురుమంటే ఒట్టు. అమ్మేవాటిని కాయలు కోసినట్టు పట్టి బుట్టల్లో సర్దేశావు. మా మరిది బుర్రే బుర్ర అని నేనూ మురిసిపోయాను, నా మొహం!

మరి మందేసిన కోళ్ళ వీపు మీద గుర్తుకి నేను పూసే రంగేమిటయ్యా? ఎరుపు కాదూ! నీ లైటు కింద తెల్ల కోడీ ఎర్రగానే ఉంటుంది, మచ్చా ఎర్రగానే ఉంటుంది. ఇంకేం కనిపిస్తుంది, నీ తలకాయ? పైగా, "మచ్చలవి ఒక్కటీ తగల్లేదు వదినా, మూలకి పోయుంటాయి" అని ధీమా ఒకటి.

లారీలో చోటు చాలక ఆఖరి కోడి నా చేతికొచ్చింది. ఎండలోకి తెచ్చి చూద్దును కదా, వీపున ఇంత మచ్చ! లారీ అప్పటికే మలుపు తిరిగిపోయింది. లోపలికి పరిగెత్తి పరదాలెత్తితే, మచ్చలవాటిలో సగం కూడా లేవు.

నువ్వేమన్నావప్పుడు? "పోనిద్దూ వదినా, వండితే ఏం తెలుస్తుంది?" ఛీ! నోరెలా వచ్చిందయ్యా నీకు? అవి పోయేది ఆసుపత్రి వంటగదికి! మంచం మీంచి లేవలేనివాళ్ళ కంచాల్లోకి! మందు ఒంట్లోంచి పోయేదాకా అమ్మకూడదని నీకు తెలీదూ? రేపు కోస్తారు. ఆ మచ్చ ఏమిటో కోళ్ళు పట్టుకెళ్ళిన వంట కాంట్రాక్టరుకేం తెలుసు, బుట్ట రంగు అంటిందనుకుంటాడు. ఒక్క ఫోన్ చేసి చెప్పవయ్యా అంటే, "మళ్ళీ మన గుమ్మం తొక్కడు" అంటావు. మీ అన్నయ్యేమో, "వాడు చెప్పిందీ నిజమేనే" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చక్కా పోయాడు. ఒక్క కడుపున పుట్టామనిపించుకున్నారు ఇద్దరూ! మీ మొహాలు చూస్తే నాకు డోకొస్తోంది.

సరే, నా మాట అయిపోయింది. ఇప్పుడు తిను.

ఏం, అలా చూస్తావేం? ఆఁ, ఆ కోడే. లారీలో చోటు చాలనిదే. నేనే కోశాను, నేనే వండాను. తిను నాయనా, వండితే ఏం తెలుస్తుంది?

అదేమిటీ, ముద్ద వదిలేశావు? కంచం అంత దూరం నెట్టేశావేం? అబ్బో, మరిదిగారికి ప్రాణమంటే తీపే!

లే, చెయ్యి కడుక్కో. ఆ ఫోనిటివ్వు. నువ్వు చెయ్యవని నాకు తెలుసు. మన గుమ్మం తొక్కకపోతే మానె, ఇంకేదైనా చేసుకు బతుకుదాం.

హలో... అన్నయ్యగారూ, పొద్దున తీసుకెళ్ళారే, ఆ కోళ్ళు. కొయ్యకముందు ఒక్కొక్కటీ తిప్పి వీపు చూడండి. ఎర్ర మచ్చ ఉంటే పక్కన పెట్టేయండి.

ఎందుకా? మా ఇంట్లోవాళ్ళు ముట్టని కోళ్ళండీ అవి.