ఎత్తి పోసిన నీళ్లు

"అవ్వా, పిల్లలు రోజూ అడుగుతున్నారు, గిలక అవ్వ మళ్లీ ఎప్పుడొస్తాదని. బడికి ఎందుకు రానంటున్నావు?"

యాడొచ్చేది తల్లీ, ఏం మొగం పెట్టుకోని వచ్చేది. మోకాళ్ల నొప్పులని సెప్పింటి గదా నీకు, అది అబద్ధం. కూసో, సెప్తా. మా ఇంట్లోనే బాడిగుండే టీచరమ్మవు, నీకాడ ఎన్నాళ్లు దాస్తా.

ఆ పొద్దు బుధవారం... కాదులే, ఆస్పరి సంతకు పోయొచ్చిన మరుసటి దినం. నువ్వు అటక మీద సూసి, అవ్వా ఇదేంది అంటివి. కపిల గిలక. మా మామ సేయించింది, తుమ్మ మానుతో. కరెంటు మోటర్లు యాడుండె అప్పుడు. తోలు బాన బాయిలోకి ఇడిసి, ఎద్దుల్ను వాలులో కిందికి తోలితే, గిలక మీద మోకు తిరిగి బాన పైకొచ్చేది. మా ఇంటాయప్ప తోలుతాంటే నేను సేన్లో నీళ్లకు మడవ కట్టేదాన్ని. ఆ ఎద్దులు గూడా ఎట్లాంటివంటావు... సరేలే, అది ఇంగోపారి.

నువ్వేమో దాన్ని బడిలో ఉయ్యాల కమ్మీకి కట్టిస్తివి. నిండు బక్కెట ఒట్టి సేతుల్తో ఎత్తమంటే ఒగరితో గూడా కాలేదు. గిలక మీద తాడేసి ఇద్దరు కిందికి యాలాడితే పైకొచ్చె. పిల్లోల్లు కేకలే కేకలు. నాకూ కుశాలైంది, నిజం. సదువు లేని ముసల్దాన్ని, పాఠం సెప్తాండానే అని.

ఎండకు వాళ్లకు దప్పైంది. సెంబు, స్టీలు గళాసు పట్టుకోని నేనే కూసొంటి. ముసలోల్లకు ఒగ అలవాటు, నీకు తెల్సు గదా, ఎవురు కనపడినా యెవురి బిడ్డవు అంటాం. ఒగడు అంగడోల్ల పిల్లోడు, ఒగితె మా గేరి పాప, మా ఈదిలోదే. గళాసు నింపి సేతికిస్తాంటి, తాగుతాండ్రి. అప్పుడొచ్చింది ఆ రూతు పాప. యెవురి బిడ్డవు తల్లీ అంటి. ఊరి కిందగేరి దేవదానం మనవరాల్ని అవ్వా, అనె.

అంతే. గళాసు పక్కన పెట్టేసినా. దోసిలి పట్టు అని, సెంబు పైకెత్తి, తగలకుండా పైనించి పోసినా. యోసన సేసి సేసింది కాదమ్మా. సెయ్యే లేసింది. మా అత్త అట్లే పోసేది, కిందగేరోల్లను అంటుకోగూడదని వాకిలి బైట కూసోబెట్టి. నేనూ అట్లే పోస్తి, సానా ఏండ్లు. ఆ తోలు బాన కుట్టేటోల్లు వాళ్లే, తెల్సునా. దేవదానం నాయన కుట్టిచ్చేటోడు, కల్లంలో జొన్నలు కొలిసేటోల్లం. ఆయప్ప కుట్టిన బాన నీళ్లే మా ఇంటిల్లిపాదికీ. ఆయప్పకు మాత్రం దోసిలి.

ఆ పాప తాగింది. నీళ్లు మోసేతుల కాడ కారి గౌను తడిసె. తాగి, తలెత్తి నన్ను అడిగింది.

"అవ్వా, ఇట్ల పైనించి పోస్తే ఏం పని సులువైతాది?"

నువ్వు నేర్పించిన మాటే గదా, ఏ పనిముట్టు సూసినా అట్ల అడగమని. సిగ్గుతో సచ్చిపోయినాను. నేను పలకకపోయేసరికి పిల్లోల్లు అదీ ఒగ పాతకాలం పనే అనుకున్యారు. ఎవురికీ గళాసు వద్దంట. అందరూ వంగి దోసిళ్లు పట్టి, రూతుకు పోసినట్ల నాకూ పోయవ్వా అని. అంగడోల్ల పిల్లోడు గూడా. పోసినాను. ఏడ్సుకుంటా పోసినాను. నువ్వు ఆ పక్క తాడు ఇప్పిస్తాంటివి, సూడలేదు.

ఆ పాప ఇంటికి పోయి సెప్పిందో ఏమో. సెప్పుంటే దేవదానానికి ఇంగేం అడిగే పని లేదు, అర్థమైపోతాది. రోజూ మా వాకిలి ముందరే పోతాడు. ఆయప్ప కనపడితే నేను లోపలికి పోతాండా.

రేపా? రేపు వస్తే ఆ పాప మళ్లా అడుగుతాది. అడగనీ. ఏ పనీ సులువు గాదు తల్లీ, మీ పెద్దోల్లను మేం తక్కువ సేసిన పని అది, అని సెప్పల్ల. నోరు వస్తాదో రాదో, నువ్వు పక్కనుండు. పిల్లోల్లందరూ సల్లగుండల్ల. నా సేతి గుణం వాళ్ల సేతులకు రాగూడదు. దోసిలి పట్టేది అప్పుడే నేర్పించేస్తి గదమ్మా, అందరికీ...