పైకి లేచిన ఎరుపు

నారాయణగూడలో నాగేందర్ ప్రింటింగ్ ప్రెస్. రిటైరైన ఆర్ట్ హిస్టరీ ప్రొఫెసర్ రత్నమాల చేతిలో ఫోను, వీడియో కాల్. అవతల మాస్కో మ్యూజియంలో ఆమె శిష్యురాలు మహిత.

“ఫోను తిన్నగా పట్టుకో మహితా. బొమ్మ తలకిందులుగా కనిపిస్తోంది.”

“తిన్నగానే పట్టుకున్నాను మేడమ్.”

“లేదమ్మా. నలుపు పైనుంది. నలుపు కింద ఉండాలి, దాంట్లోంచి ఎరుపు పైకి లేవాలి. నీకు నేను చెప్పాలా?”

“పక్కన గార్డు ఉన్నాడు చూడండి. ఆయన నిటారుగానే నిలబడ్డాడు కదా.”

“అయితే వాళ్ళే తప్పుగా తగిలించారు. అడుగు. అడిగావా?”

“అడిగాను. కింద చిత్రకారుడి సంతకం ఉంది మేడమ్. దగ్గరగా చూపిస్తానుండండి... కనిపించిందా? మేడమ్? ఉన్నారా?”

“సంతకం మన పాత ఫిల్మ్ స్లైడులో లేదే!”

“స్లైడు చుట్టూ అట్ట ఉంటుంది కదా, దాని కింద పడిపోయుంటుంది.”

“ఆ అట్ట మూలన గుర్తుగా చుక్క ఉందే! చుక్క మీద బొటనవేలు పెట్టి ప్రొజెక్టర్లోకి తోస్తే బొమ్మ సరిగ్గా పడాలి. ఉద్యోగమంతా అలాగే తోశాను. అశోక్‌నగర్‌లో మా ఇంటి గోడ మీద మీకోసం తోశాను.”

“ఆ చుక్క ఎవరు పెట్టారో...”

“ఎవరు పెడితేనేం, నేను అడగలేదు. మాస్కో వెళ్ళినవాళ్ళెవరో తెచ్చిచ్చారు, కళ్ళకద్దుకున్నాను. ఆ దేశం మొహం నేనెప్పుడు చూశాను గనక!”

“మేడమ్, మీ పుస్తకం అట్ట మంచిగొచ్చింది చూడుండ్రి, ఎరుపు ఎట్ల మెరుస్తున్నదో! ఆటో పిలిచిన. చిక్కడపల్లి హాలుకు కట్టలన్ని పంపియ్యాల్నా?”

“నాగేందర్, ఆగు. అట్ట... అట్ట మార్చడానికి వీలవుతుందా?”

“ఆవిష్కరణ సాయంత్రమే కద మేడమ్! బైండింగ్ గూడ అయిపాయె. ఏమైంది?”

“బొమ్మ తలకిందులు వేశాం.”

“గంతేనా? పరేషాన్ గాకుండ్రి. నాకైతే ఎట్లున్నా ఒక్కతీరే కనబడ్తది. ఎవరు గుర్తువడ్తరు?”

“ఎవరూ గుర్తుపట్టరు. అదే నా ఖర్మ. లోపలంతా దాని గురించే కదయ్యా! అంత ఆకలిలో, యుద్ధంలో ఒక మనిషి ఆశని పైకి లేపాడని రాశాను. ఆయనేమో కూలిపోతున్నదాన్ని వేశాడు.”

“మేడమ్, ఇవాళ సభలో ఈ సంగతి ఎత్తకండి. తర్వాత చూద్దాం.”

“ఎత్తకుండా మైకు ముందు ఏం మాట్లాడను? ఎత్తితే నాకేం మిగులుతుంది? నీ పీహెచ్‌డీ కూడా దాని మీదే. ఎంతమంది పిల్లలకి చెప్పానే... నాకేం తోచడం లేదు మహితా.”

“మేడమ్, ఆటో అన్న తొందర వెడ్తుండు. ఎక్కియ్యాల్నా, వద్దా?”

“ఎక్కించు. అందర్నీ పిలిచేశాం, ఇంకేం చేస్తాను.”

“మేడమ్, ఏడవకండి.”

“ఏడవడం లేదు. ఒక్క పని చెయ్యి తల్లీ. ఆ ఫోను తలకిందులు చెయ్యి. నా బొమ్మని ఆ గోడ మీద ఒక్కసారి చూసుకుంటాను.”

“చేశాను. కనిపిస్తోందా?”

“లేదు. నలుపు పైనే ఉంది. తిప్పు.”

“తిప్పాను మేడమ్. ఎటు తిప్పినా ఫోను దానంతటదే సరిచేసేస్తోంది.”