చెవి ఆడించని కుందేలు

ఒటాగో ప్రాంతంలో తుపాకులు బాగుచేసే ఆవిడ, కొత్తగా వచ్చిన, తుపాకీ చప్పుడు తగ్గించే చిట్టి సైలెన్సర్‌ని పరీక్షించమని ఓ గొర్రెల రైతుకిచ్చింది. వారానికి అతను దాన్ని రైఫిల్‌తో సహా తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అదిరిపోయిందక్కా! తుమ్మినంత చప్పుడు కూడా లేదు. ఐదొందల తూటాలు కాల్చా, ఒక్కటీ ఇరుక్కోలేదు."

"మధ్యలో దీని మూత విప్పి లోపల తుడిచావా?"

"బాగానే పేలుతుంటే తుడవడమెందుకు?"

"ఇప్పుడు ఆ మూత విప్పు."

"...రావట్లేదే!"

"ఎలా వస్తుంది? లోపలంతా తూటాల సీసం గడ్డకట్టింది. జన్మలో పళ్ళు తోమనివాడి నోరే నయం. పది తూటాలకోసారి సైలెన్సర్‌ని తుపాకీ గొట్టానికి మళ్ళీ బిగించుకోమన్నాను, బిగించావా?"

"నీ చాదస్తం నీది. చప్పుడు సంగతి విను! నిన్న ఒకే కుందేలు మీద పదిసార్లు కాల్చా. చెవి కూడా ఆడించలేదు, గడ్డి మేస్తూనే ఉంది."

"తూటా బయటికొచ్చే ఈ కన్నం అంచు చూడు. తూటా ఒరుసుకున్న గీత. నీ సైలెన్సర్ వదులై వంకరగా వేలాడింది, తూటాలన్నీ పక్కకి పోయాయి."

"అయినా కుందేలుకి చప్పుడు వినపడలేదుగా!"

"శుభ్రంగా వినపడింది తమ్ముడూ. నీవల్ల తనకి ఏ భయమూ లేదని మూడో తూటాకే దానికి అర్థమైపోయింది."