ఫ్రిజ్ మీది నంబరు

హలో… ఆ, నేనేరా, అక్కని. … బాగున్నాం, బాగున్నాం, కుశల ప్రశ్నలు తర్వాత. షాపులో ఉన్నావా? … గిరాకీ ఉంటే ఉండనీ. వాళ్లని రెండు నిమిషాలు ఫోన్ కవర్లు చూసుకోమను.

ఇంకెందుకు, నువ్వు అంటగట్టిన డబ్బా గురించి. … రూటరే. పేరేదైతే ఏం, నా పాలిట డబ్బానే. "కేబులు అక్కర్లేదక్కా, సిమ్ము పడేస్తే చాలు, ఇల్లంతా నెట్టు" — ఎవరన్నారు ఆ మాట? … ఆ, గుర్తుందిగా.

మరి ఇప్పుడు మీ బావ పక్కగదిలో పదో తరగతి పిల్లలకి నెట్లో లెక్కలు చెప్తున్నారు. పొద్దుట్నుంచి మూడుసార్లు బొమ్మ ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయిందట ఆయన మొహం, పిల్లలు ఒకటే నవ్వు. … నువ్వు నవ్వకు. డయాలసిస్ చేయించుకున్న మర్నాడు ఆయనకి అసలే ఒంట్లో సత్తువుండదు. చెప్పిందే మూడుసార్లు చెప్పాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది ఓపిక? బడికి వెళ్లలేకే కదా ఇంట్లోంచి చెప్పుకుంటోంది.

ఎక్కడుంటుంది, ఫ్రిజ్ మీదే. … కిటికీ పక్కనే. నువ్వు పెట్టిన చోటు నుంచి అంగుళం జరిపితే ఒట్టు. … లైట్లా? ఒకటి పచ్చ, ఒకటి నీలం… ఇంకోటి ఎర్రగా కొట్టుకుంటోంది. దాని కింద ఉత్తరం కవరు బొమ్మ ఉంది. … ఏమో, రెండు మూడు రోజులైంది. ఏదో సిగ్నల్ అనుకున్నా.

మెసేజ్‌లా? డబ్బాకి మెసేజ్‌లేమిట్రా? … ఓహో. సిమ్ము ఉంది కాబట్టి. … సరే, ఎలా చూడాలో చెప్పు. ఉండు, స్పీకర్‌లో పెడతా. ఒళ్లో యూనిఫాం నిక్కర్లు ఉన్నాయి, సాయంత్రానికల్లా బొత్తాలు కుట్టి ఇవ్వాలి.

ఊఁ… ఒకటి, తొమ్మిది, రెండు… చుక్క… ఇంకా ఉందా? ఇంత పొడుగు అడ్రసు మన తాతకి కూడా లేదురా! … పాస్‌వర్డ్ డబ్బా అడుగునా? … ఉండు, ఫ్రిజ్ దగ్గరికొచ్చా. అబ్బ, చీమ తలకాయలంత అక్షరాలు…

వచ్చింది. … డేటా ఇంకా సగం దాకా ఉంది. … మరెందుకు ఆగుతోందట? … అది మీ టవర్ వాడి ఖర్మ, నాకెందుకు. … ఊఁ, మెసేజ్‌లు నొక్కాను. నలభై ఒకటి! ఒక్కటీ చదవలేదట.

ఎవరికి తెలుస్తుంది ఆ నంబరు అంటావేంరా, నా పాతదేగా అది. బోర్డు మీద కొత్త నంబరు రాయించినా పాతదానికే చేసేవాళ్లుగా జనం. గౌను అయిందా, ప్యాంటు అయిందా, చెవిలో జోరీగలా… "దాన్ని రూటర్లో పడేయక్కా, మోగదు గీగదు" అని నువ్వే అన్నావు. చెప్పొద్దూ, ఆ ఒక్క విషయంలో మాత్రం నా ప్రాణం హాయిగా ఉంది.

చదవనా? … "మీ ప్యాకులో యాభై శాతం వాడారు." … "పాటలు వినండి." వింటాం, వింటాం. … మిస్డ్ కాల్. మిస్డ్ కాల్. ఇదిగో మళ్లీ మిస్డ్ కాల్. అన్నీ ఒకే నంబరురా. గురువారం పొద్దున అయిదూ యాభై రెండు. యాభై అయిదు. ఆరు. ఆరూ అయిదు… తొమ్మిదిసార్లు చేశారు! కోడి కూయకముందే లేచి గౌను అడిగే మనిషి ఎవరబ్బా —

ఆగు. కింద ఇంకోటుంది.

…

ఆగరా. చదవనీ నన్ను.

…

లైన్లోనే ఉన్నా. … స్పీకర్ తీసేశా. మెల్లిగా మాట్లాడు, ఆయనకి వినపడుతుంది.

ఆస్పత్రి నుంచిరా. … కాదు, డయాలసిస్ వాళ్లు కాదు. అవయవాల జాబితా చూసేవాళ్లు. … "మీకు సరిపోయే కిడ్నీ ఉంది. వెంటనే ఫోన్ చేయండి. రెండు గంటల్లో పేషెంటుతో రండి."

…

గురువారం అని చెప్పాను కదరా. గురువారం పొద్దున. ఇవాళ శనివారం.

…

నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. నాలుగోసారి చదువుతున్నా. పేరు ఆయనదే. … పొరపాటు లేదు, రిజిస్టరు నంబరు కూడా ఉంది. నాకు కంఠతా వచ్చు ఆ నంబరు.

ఇంకెవరిచ్చారు, నేనే. రెండేళ్ల కిందట ఆ ఫారం నింపింది నేనేరా, ఈ చేత్తోనే. రెండు నంబర్లు రాయమన్నారు. ఒకటి నాది, అప్పటికి ఇదేగా నాది. రెండోది ల్యాండ్‌లైన్.

… ఏ ల్యాండ్‌లైనురా! ఎక్కడుంది? బ్రాడ్‌బ్యాండ్ పీకించినప్పుడు దాంతోపాటే పోయింది కదా, రెండూ ఒకే తీగ మీదే కదా వచ్చేవి! ఒక నంబరు తీసి డబ్బాలో పెట్టాను, ఇంకోటి కోయించాను. వాళ్లు మాత్రం ఎవరికి చేస్తారు? గోడకా?

…

ఆయన అన్నారు కూడా. ఆ రోజు కేబులు వాడు నిచ్చెన వేసుకుని వచ్చాడు చూడు, అప్పుడన్నారు. "ఆస్పత్రికిచ్చాం కదే ఆ నంబరు" అని. నేనేమన్నానో తెలుసా? "నా నంబరు ఉందిగా వాళ్ల దగ్గర, ఒక్కదానికి రెండెందుకు" అన్నా. అనేసి, ఆ నిచ్చెన పట్టుకుంది కూడా నేనే.

గ్యాసు వాళ్లకి చెప్పా కొత్త నంబరు. బ్యాంకుకి చెప్పా. దారాలమ్మే ఆయనకి కూడా చెప్పానురా! ఆస్పత్రికి చెప్పలేదు. వారానికి మూడుసార్లు ఆ గుమ్మం ఎక్కి దిగుతూ, పక్క మేడ మీదున్న ఆ ఆఫీసులో ఒక్కమాట చెప్పాలని తట్టలేదు.

… నువ్వే కదా సిమ్ము అందులో వెయ్యమంది! మోగదు, మోగదు అంటే మురిసిపోయాను. నీ మాట విని నేను —

… లేదు. ఊరుకో. నీదేం లేదు. నోటికొచ్చింది అనేశా. ఏడవకురా, షాపులో జనం ఉన్నారు.

అయిదూ యాభై రెండుకి ఎక్కడున్నామో తెలుసా మేం? ఇక్కడే. ఈ వంటింట్లోనే. ఆయనకి తెల్లవారకుండానే మెలకువ వచ్చేస్తుంది. ఈ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి కాఫీ తాగుతున్నాం ఇద్దరం. నీళ్లు కొలిచి తాగాలి కదా, అర గ్లాసు కాఫీని అరగంట తాగుతారు. తొమ్మిదిసార్లు చేశారురా వాళ్లు, మా నెత్తి మీద. గంట లేదు, పాడు లేదు. ఈ ఎర్ర లైటు ఒక్కటీ కొట్టుకుని ఉంటుంది.

…

ఇంకా ఉన్నాయి కిందన. చూస్తున్నా. … చూడొద్దంటావేం? చూడాలి కదా.

"ఇచ్చిన రెండు నంబర్ల నుంచీ జవాబు లేనందువల్ల అవకాశం తర్వాతి వారికి ఇచ్చాం." … ఊఁ. ఇచ్చేశారు. ఇవ్వరా మరి. ఎంతసేపని ఆపుతారు.

ఇది నిన్నటిది. "శనివారం పన్నెండు గంటల లోపు ఇదే నంబరు నుంచి ఫోన్ చేసి నిర్ధారించకపోతే, పేరు జాబితా నుంచి పక్కన పెడతాం."

… పక్కన పెట్టడమంటే అంతే. అసలు పిలుపే రాదు ఇంక. మళ్లీ పరీక్షలు, మళ్లీ కాగితాలు, ఎన్నాళ్లో. ఆయనకి అన్నాళ్లు… నువ్వే చూశావుగా మొన్న, మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయారు.

టైమెంతరా? … పదకొండూ ముప్పై ఆరు.

కొత్త నంబరు నుంచి చేస్తే? … వాళ్ల దగ్గర లేదు కదా అది. ఎవరో ఏమిటో అంటారు. ఇదే నంబరు అని నొక్కి మరీ రాశారు. … అవును. సిమ్ము తియ్యాలి. తీసి నా ఫోన్లో వెయ్యాలి.

తీస్తే క్లాసు పోతుంది.

… పన్నెండుంపావుకి గానీ అవ్వదు. అంతసేపు ఎలా ఆగను? ఇంతసేపటికి ఇప్పుడు గాడిలో పడ్డారు. వింటున్నావా? ఆయన గొంతు. "ఎక్స్ విలువ ఎంతర్రా" అంటున్నారు. బడిలో చెప్పినట్టే అరుస్తున్నారు.

…

ఏంటీ? మళ్లీ చెప్పు.

… నెట్టు పాడైందని చెప్పేసి… ఫోన్ చేసుకుని… ఆయనకి చెప్పొద్దా?

…

ఉందిరా. డిలీట్ అని పక్కనే ఉంది. నాకూ కనపడింది. నువ్వు చెప్పకముందే నా వేలు దాని మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే నేను ఫోను ఎత్తలేదన్న సంగతి నీకూ నాకూ తప్ప పురుగుకి కూడా తెలీదు. ఆయన బాధపడకుండా ఉంటారు. నేను కూడా ఎప్పట్లాగే మంచి పెళ్లాన్నే.

… నాకు తెలుసురా, నువ్వు నా మంచికే చెప్తున్నావు. కానీ రేపట్నుంచి ఆయన సూది పోట్లు చూస్తూ ఆ కుర్చీ పక్కన నేనెలా కూర్చోను? చెయ్యి నల్లగా కమిలిపోయి ఉంటుంది. "ఎప్పటికొస్తుందో మన వంతు" అంటారు. వచ్చేసి వెళ్లిపోయిందని తెలిసిన మనిషిని, పక్కనే కూర్చుని బత్తాయి తొనల్లాగా ఓదార్పు మాటలు ఒలిచి పెట్టాలా?

లేదు. నా వల్ల కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నా, పట్టుకోనీ. చెప్పు, ఎలా తియ్యాలి? … పక్కన మూత. … నొక్కితే బయటికొస్తుందా? … ఊఁ.

తీసేశా.

…

లైట్లన్నీ ఎర్రగా అయ్యాయి. … ఆయన గొంతు ఆగిపోయింది. కుర్చీ జరిగింది. వస్తున్నారురా.

త్వరగా చెప్పు, నా ఫోన్లో ఎలా… ట్రేనా? పిన్ను ఎక్కడుందో! … సూదా? సూదికేం కరువు, దర్జీ కొంప. … ట్రే లాగితే నీ కాల్ కట్టవుతుందా? అవనీ. వెంటనే అటు చేస్తా.

అబ్బా, ఈ చిల్లు… సూది జారిపోతోందిరా. దారం ఎక్కించే చెయ్యి ఇది, కళ్లు మూసుకుని ఎక్కిస్తా, ఇప్పుడు చూడు —

…

ఆ… ఏమండీ. … లేదండీ, నెట్టు పోలేదు. నేనే తీశాను. … తమ్ముడే, ఫోన్లో. … పిల్లలు ఆగుతారు లెండి. మీరు ముందు కూర్చోండి. ఆ స్టూలు లాక్కోండి. … నాకేం కాలేదు. కూర్చోండి, చెప్తా.

మీకు కిడ్నీ వచ్చిందండీ.

… నిజం. వచ్చింది. గురువారం పొద్దున వచ్చింది. ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేస్తే… ఆ పాత నంబరుకి చేస్తే, అది ఇందులో ఉంది. మోగలేదు. నేను ఎత్తలేదు. వేరేవాళ్లకి ఇచ్చేశారు.

…

ఏమన్నా అనండి. మీరు చెప్తూనే ఉన్నారు ఆ రోజు, నేనే వినలేదు. తిట్టండి, పోనీ. అలా చూడకండి.

…

… తొమ్మిదిసార్లండీ. తొమ్మిదిసార్లు చేశారు.

…

ఇంకా ఉంది వినండి. పన్నెండు లోపు ఈ నంబరు నుంచి మనం ఫోన్ చెయ్యకపోతే పేరు తీసేస్తారట. ఇదిగో, సిమ్ము ఇదే. ట్రే రావట్లేదు నాకు. ఎంత పొడిచినా రావట్లేదు…

…

తమ్ముడూ. ఉన్నావా? … అంతా విన్నారురా. లేచి నా చేతిలోంచి సూది తీసుకున్నారు. … ఆ, ఆ కమిలిన చేత్తోనే. గోడకి ఆనుకుని నిలబడ్డారు, వెలుతురులో పట్టుకుని చూస్తున్నారు. ఫోన్ ఇవ్వమంటున్నారు.

ఇదిగోండి. … పదకొండూ నలభై నాలుగు అయింది, మెల్లిగానే తీయండి, టైముంది. … చిల్లు ఆ అంచు మీద, కిందన — ఆ, అక్కడే —