కాయ మీద అద్దెకున్నవాళ్లు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీన, నరసరావుపేటలోని మన పండ్ల పరీక్షా కేంద్రంలో సూక్ష్మజీవ శాస్త్ర సహాయకులుగా శ్రీ షేక్ హబీబుల్లా గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. స్వీకరించారే గానీ, ఆ బాధ్యతలేమిటో ఆనాడు కార్యాలయంలో ఎవరికీ తెలియదు. "దోమల మందు కొట్టేదానికొచ్చారా సారూ?" అని అటెండరు జక్కయ్య అడిగితే, కాదనడానికి తగిన తెలుగు మాట దొరక్క వారు తికమకపడ్డారు. పాపం, ఆ తికమక సర్వీసంతా వారిని వదలలేదు.

ఆ వారమే ఇంటి కోసం ఊరంతా తిరిగితే, "పెళ్లికానోళ్లకి ఇయ్యం" అన్నవారే అందరూ. చివరకు చాంద్ బీ అనే పెద్దావిడ, "చేరు బేటా. కొంప ఖాళీగా పెడితే దొంగలు జొరబడతారు, మంచోడు ఉంటే ఇంటికే కాపలా" అని తాళం చేతిలో పెట్టారు.

అనంతరం గురజాల, మాచర్ల ఉపకేంద్రాలలో పనిచేసిన కాలంలో జామ, నిమ్మ, రేగు, నేరేడు ఫలాల తొక్కలపై నివసించే సూక్ష్మజీవ సమూహాలను వారు అవిశ్రాంతంగా పరిశీలించారు. ఒకే కొమ్మకు కాసిన రెండు కాయల మీద వేర్వేరు జనాభాలు, ఒకే కాయకు ఎండ తగిలే వైపున ఒక జనాభా, నీడ వైపున మరొక జనాభా ఎందుకుంటాయో అంతుపట్టక తల పట్టుకునేవారు. "ఈయన కాయ తెస్తే తినాలో, పరీక్ష చెయ్యాలో నాకిప్పటికీ తెలవదు" అని వారి సతీమణి శ్రీమతి తహసీన్ గారి ఫిర్యాదు.

క్రోసూరు రైతు సదస్సులో జరిగినదాన్ని మాత్రం ఇక్కడ చెప్పక తప్పదు. పండు మీద లక్షలాది సూక్ష్మజీవులుంటాయని వారు సెలవివ్వగా, జామతోట రైతు వెంకట్రామయ్య గారు లేచి, "అయ్యంటే ఏందయ్యా?" అన్నారు. "కంటికి కనపడని పురుగులనుకోండి" అన్నారు వీరు. అంతే, కొంప మునిగింది! పత్తీ మిరపా పండించే పల్నాటి రైతు చెవిన పురుగు అన్న మాట పడితే చెయ్యి మందు డబ్బా మీదికే పోతుంది. వెంకట్రామయ్య గారు తోటంతా తడిసేలా బూజు మందూ పురుగు మందూ కలిపి కొట్టించారు. ఆ కోత కాయ గంపల్లోనే కుళ్లింది.

"పురుగుల్ని చంపమన్నావు, చంపా. కాయలే చచ్చినై! రేపు తోట నరికించి మిరప వేస్తన్నా" అని ఆయన గంప తెచ్చి వీరి బల్ల మీద కుమ్మరించారు. చంపమని తాను ఎప్పుడన్నారో హబీబుల్లా గారికి ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. తన నోటి మాటకు కాసే తోట నేలకూలుతుందే అన్న భయంతో మర్నాడు తెల్లవారేసరికి క్రోసూరు చేరారు. అప్పటికే కూలీలు గొడ్డళ్లతో నిలబడి ఉన్నారు. వీరు క్రిములన్నారు; "క్రిములైతే మరి చంపొద్దా?" అన్నారు రైతుగారు. సూక్ష్మజీవులన్నారు, "తెలుగులో చెప్పు" అన్నారు. దిక్కుతోచని ఆ క్షణాన చాంద్ బీ మాట వీరి మనసులో మెదిలింది.

"అద్దెకున్నోళ్లు బాబాయ్! కాయ మీద మంచోళ్లు కాపురముంటే కుళ్లు పట్టించే బూజుకి చోటుండదు. వాళ్లు ఖాళీ చేస్తే అది దొంగలా జొరబడుద్ది."

వెంకట్రామయ్య గారు కొమ్మన మిగిలిన కాయ ఒకటి కోసి తిప్పి చూశారు. "అంటే మంచోళ్లని గెంటేసి దొంగలకి తాళమిచ్చానా! ఒరేయ్, గొడ్డళ్లు దించండ్రా!" తోట నిలిచింది, నేటికీ కాస్తోంది.

నిన్నటి పదవీ విరమణ వీడ్కోలు సభకు ఆ జామకాయలే వచ్చాయి. జక్కయ్య కుళాయి దగ్గరకు తీసుకెళ్తుంటే, "కడగమాకరా, అద్దెకున్నోళ్లు పోతారు!" అని వెంకట్రామయ్య గారి కేక. "తినేముందు కడగాలి బాబాయ్!" అని హబీబుల్లా గారి కేక. జక్కయ్య కుళాయి తిప్పాలో కట్టాలో తెలియక నిలబడిపోయాడు. ముప్పై ఆరేళ్ల తర్వాత కూడా ఇంత తికమకా అని సభంతా నవ్వింది. వారూ నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు.

మనిషి దేహం మీదా, లోపలా అటువంటి అద్దెవాళ్లు కోటానుకోట్లు ఉంటారని వారే చెప్పారు. హబీబుల్లా గారి ఒంట కాపురమున్న ఆ మంచివాళ్లందరూ చల్లగా ఉండి, వారిని ఆరోగ్యంగా కాపాడుకుంటూ, నూరేళ్లు నిండేవరకు ఇల్లు ఖాళీ చెయ్యకుందురు గాక!