కొండను జరిపిన డీజిలు బండి

"ఏదో చిన్న కొండ ఎక్కించానమ్మా, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు బొత్తిగా చేతకాదు" అంటూ మొదలుపెట్టాడు ఐదో గేరు బాబాయి.

బాబాయి ఆ మాటన్నాడంటే ఇక గంటకి తక్కువ ఉండదు. మెకానిక్ షెడ్డు ముందు పొడుగాటి బల్ల ఒకటి ఉంది, బండి బాగయ్యేదాకా అందరూ కూర్చునేది దానిమీదే. నా టైలరు కొట్టు ఆ పక్కనే. చేతిలో ఎంత పనున్నా బాబాయి గొంతు వినబడితే నేనూ వచ్చి చేరతాను. పోస్టాఫీసులో రిటైరయ్యాక కారు కొన్నాడాయన. కూర గురించి మాట్లాడినా, కాలి నొప్పి గురించి మాట్లాడినా మధ్యలో "ఐదో గేరు వేశానా..." అంటాడు, అందుకే ఆ పేరు.

ఆ పొద్దున టీచరమ్మ స్కూటరు బ్రేకులు చూపించుకోవడానికి వచ్చింది. వాళ్ళింట్లో మొదటిసారి కారు కొంటున్నారు. బండి చూసుకున్నారు, రంగు చూసుకున్నారు, ఇంజనే తేలలేదు. ఒకే కారు మూడు రకాల్లో వస్తుంది: చిన్న పెట్రోలు, టర్బో పెట్రోలు, డీజిలు. "నడిపేది నువ్వు, నువ్వే తేల్చుకో" అని వాళ్ళాయన తప్పుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండులోపు షోరూముకి ఫోను చేసి చెప్పాలి. ఒకసారి కొంటే పదేళ్ళు దాంతోనే కాపురం, రేపు తప్పని తెలిసినా మార్చుకునే స్తోమత లేదు. పాపం ఆవిడకి రెండు రోజులుగా నిద్ర లేదు. బాబాయిది అదే కారు, డీజిలు; ఆ పొద్దున అదీ షెడ్డులోనే ఉంది. ఇంకేం, ఆవిడ అడిగింది, ఆయన అందుకున్నాడు.

"పైకి మూడూ ఒకటేనమ్మా. ఇదిగో ఈ టైలరుని అడుగు, ఒకే కొలతల చొక్కా ముగ్గురు వేసుకున్నట్టు. బరువెత్తమన్నప్పుడు కదా ఎవరి గుండె ఏపాటిదో తెలిసేది! మా తోడల్లుడు ఇల్లు మారుతున్నాడు, కొండ అవతలి ఊరికి. వాడిదీ ఇదే కారు, ఇదే రంగు, పెట్రోలు. నా బండిలో నేను, మీ పిన్ని, మా అత్తగారు, రెండు బీరువాలు..."

"కారులో బీరువాలా?" అన్నాడు బల్ల చివర కూర్చున్న మంగలి.

"విడగొట్టి పెట్టాంలేవయ్యా, అడ్డు రాకు. కొండ మొదలైంది. నాలుగో గేరులో ఉన్నాను. మూడుకి దిగలేదు, గేరు కర్ర ముట్టుకుంటే ఒట్టు. మీ పిన్ని చేతిలో నిండా టీ గ్లాసు, పైదాకా ఒక్క చుక్క తొణకలేదు. అద్దంలో చూద్దును కదా, మా తోడల్లుడు లేడు! వెనక్కి వెళ్ళి చూస్తే సగం ఎత్తులో బండి ఆపి, చెమటలు తుడుచుకుంటున్నాడు. 'అన్నయ్యా, మొదటి గేరులో కూడా ఏడుస్తోంది' అన్నాడు. సొంత తోడల్లుణ్ణి వదిలేస్తానా? సామాన్లలో బట్టలారేసే తాడు ఉంటే తీసి, వాడి బండి నా బండికి కట్టాను."

"బట్టల తాడు తెగిపోదూ?" అంది టీచరమ్మ.

"అక్కడే ఉందమ్మా డీజిలు మర్మం! అది గుంజదు. నిదానంగా, చంటిబిడ్డని లేవదీసినట్టు లాగుతుంది. తాడుకి తనని లాగుతున్నారని తెలిస్తే కదా తెగడానికి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మలుపులో సిమెంటు లారీ ఆగిపోయి ఉంది. డ్రైవరు కాళ్ళ మీద పడినంత పని చేశాడు. 'పోనీలే, కట్టు' అన్నాను. దాని వెనక బస్సు, నిండా జనం. కండక్టరు పరిగెత్తుకొచ్చి 'అయ్యా, మమ్మల్ని మాత్రం వదిలేసి పోతారా' అన్నాడు. కట్టు. దాని వెనక రోడ్డు రోలరు. కట్టు కట్టు. పై మలుపుకి చేరేసరికి నా వెనక ఇరవై రెండు బండ్లున్నాయి. నేను పాట వింటూ నడుపుతున్నాను."

మంగలి ముక్కుమీద వేలేసుకున్నాడు. నా మటుకు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అబద్ధమని తెలుస్తూనే ఉంది, అయినా ఆ ఇరవై రెండు బండ్లూ కళ్ళకి కడుతున్నాయి, ఏం చెయ్యను!

"ఇరవై రెండు!" అంది టీచరమ్మ. లెక్కల టీచరు, అయినా కళ్ళు ఇంతలేసి చేసుకుని వింటోంది.

"విను మరి! కొండ మధ్యలో రైలు గేటు. గేటువాడు మమ్మల్ని దూరం నుంచి చూశాడు. ఇంజను ముందు, వరసగా పెట్టెలు వెనక, ఇంకేమనుకుంటాడు? గేటు మూసి, అటూ ఇటూ జనాన్ని ఆపి, మాకు పచ్చజెండా ఊపాడు! అసలు రైలు పాపం వెనక నిలబడి కూత పెడుతోంది. ఆ డ్రైవరు కిందికి దిగి నా ఇంజను చప్పుడు విని, టోపీ తీసేశాడు. మరి డీజిలుకి డీజిలు చుట్టం కదా!"

"ఇంత లాగితే నూనె బాగా తాగి ఉంటుంది" అన్నాను నేను.

"తాగడమా? పైకెక్కి చూస్తే ముల్లు నిండు గీత దగ్గర నిలబడినది నిలబడినట్టే ఉంది. దిగేటప్పుడు చక్రాలు ఊరికే తిరుగుతాయి చూశావూ, అప్పుడు ఇంజను వెనక్కి నూనె చేసుకుంటుంది. ముల్లు గీత దాటిపోయింది. మూత సందులోంచి కారుతుంటే పాడైపోతుందని బంకు దగ్గర ఆగి ఒక డబ్బా వాళ్ళకే పోసి వచ్చాను."

టీచరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. "కొండలెక్కినా ఇబ్బంది లేదంటారు."

"కొండలెక్కడమేమిటి తల్లీ! అసలు సంగతి చెప్పనే లేదు. శిఖరం ఇంక పది గజాలుందనగా, చూద్దాం దీని తడాఖా అని ఐదో గేరు వేశానా... కాలు కాస్త గట్టిగా నొక్కాను. బండి కదల్లేదు. ఎందుకు కదల్లేదు? చక్రాల కింద కొండ కదిలింది! ఇదిగో, ఇలా, కాళ్ళ కింద తివాచీ లాగినట్టు వెనక్కి జరిగింది. మా అత్తగారు 'అల్లుడూ, కాలు తీయి, ఊళ్ళో ఇళ్ళ మీదకి పోతుంది' అని అరిచింది. ఆవిడ నన్ను అల్లుడూ అని ప్రేమగా పిలవడం అదే మొదలు."

"ఎంత జరిగింది?" బల్ల అంచుకి జరిగి అడిగాను.

"మూడడుగులు. సర్వే ఆఫీసువాళ్ళు గొలుసులతో వచ్చి కొలిచారు, ఊరి పటాలు దిద్దుకుపోయారు. కంపెనీ నుంచి పెద్ద ఇంజనీరు వచ్చి, బానెట్టు తెరిచి, లోపలికి చూసి, కళ్ళు తుడుచుకున్నాడమ్మా. 'మేము చేసింది ఇంత గొప్ప ఇంజనా' అని."

బల్ల మీద టీలు చల్లారిపోయాయి. టీచరమ్మ పెద్దగా ఊపిరి తీసుకుని, షోరూము నంబరు నొక్కింది. "డీజిలే చెప్పేస్తాను. ఈ రెండు రోజులూ అనవసరంగా మథనపడ్డాను."

అవతల ఫోను మోగుతుండగానే మెకానిక్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి ఒక కార్డు చాపాడు. "బాబాయిగారూ, మీ బండి జాబు కార్డు, చూసిందంతా ఇందులో రాశాను. చదివి సంతకం పెట్టండి."

"కళ్ళజోడు తేలేదయ్యా. టీచరమ్మా, కాస్త చదివి పెట్టు" అన్నాడు బాబాయి దర్జాగా.

ఆవిడ ఫోను భుజానికి నొక్కిపట్టుకుని చదివింది. "బండి కొని నాలుగేళ్ళు. మీటరు నాలుగు వేల రెండు వందల కిలోమీటర్లు. పొగ ఫిల్టరు మసితో పూడుకుపోయింది. ఇది మూడోసారి." చదవడం ఆపి మళ్ళీ ఆ అంకె వంక చూసింది. "నాలుగేళ్ళకి నాలుగు వేలా? రోజుకి మూడు కిలోమీటర్లు కూడా పడలేదు బాబాయిగారూ!"

"అదా? మీటరు చివరిదాకా తిరిగేసి, మళ్ళీ మొదటికి వచ్చిందమ్మా" అన్నాడు బాబాయి. కానీ గొంతు ఐదో గేరులో లేదు.

"ఇల్లు, కూరగాయల మార్కెట్టు, ఇల్లు" అన్నాడు మెకానిక్. "అంతకుమించి ఆ బండి ఏ ఊరూ చూడలేదు. డీజిలుకి దూరాలు కావాలి టీచరుగారూ. ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తుంటే మసి కాలక ఫిల్టరులో పేరుకుపోతుంది. హైవే మీద అరగంట ఆగకుండా నడిపితే దానంతటదే కాలిపోతుంది. ఆ మాట మొదటిసారే చెప్పాను. ఈయన ఏమన్నారో తెలుసా? 'అక్కడ లారీలుంటాయి బాబూ, నాకు కాళ్ళు వణుకుతాయి, నువ్వే తిప్పుకురా' అన్నారు."

మంగలి నవ్వు ఆపుకోలేక లేచి తన కొట్టులోకి పోయాడు. బాబాయి చల్లారిన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, మనసూ చివుక్కుమంది. ఆ కొండ మూడడుగులు జరిగిందంటే నేను నిజంగా సంతోషించాను మరి.

"మా బడి మా ఇంటికి రెండు కిలోమీటర్లు. రోజూ పోయి రావడం, అంతే" అంది టీచరమ్మ నెమ్మదిగా.

"అయితే మీకు పట్టేదీ ఇదే జబ్బు" అన్నాడు మెకానిక్.

అప్పుడే అవతల ఎవరో ఫోను ఎత్తారు. ఆవిడ తడుముకోకుండా "చిన్న పెట్రోలు ఇంజను రాసుకోండి" అని చెప్పి పెట్టేసింది. రెండు రోజుల బరువు దిగిపోయినట్టు మొహం తేటపడింది. తర్వాత బాబాయి వైపు తిరిగింది.

"ఎంతైనా కొండని జరిపిన ఇంజను కదా బాబాయిగారూ, దాని చప్పుడైనా వినాలనుంది. స్కూటరు అయ్యేసరికి ఇంకా గంట పడుతుందట. హైవే మీద ఆ అరగంటా నేను నడుపుతాను. మీరు పక్కన కూర్చుంటారా?"

బాబాయి మెకానిక్ వంక చూశాడు, నా వంక చూశాడు. లేచి చొక్కా సర్దుకుని, కారు తలుపు తెరిచి, ఎడం పక్క కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అది బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు. టీచరమ్మ తాళం తిప్పింది.

"తల్లీ," అన్నాడు బాబాయి చిన్న గొంతుతో, "లారీ వస్తుంటే కాస్త ముందుగా చెప్పు. కళ్ళు మూసుకుంటాను."